మా ఫైటరుకు కాస్త చాటు

మనిషి మనసు తెలుసుకోవడానికి లావుపాటి పుస్తకాలు చదవక్కర్లేదు. హాల్లో ఒక చేపల తొట్టి పెట్టుకోండి చాలు. ఆ నీటి మీద ఏ మొక్క తేలాలో ఇంటికి వచ్చినవాళ్లందరినీ అడగండి. అడగకపోయినా నష్టం లేదు. మీరు గోదావరి జిల్లాల్లో ఉంటే వాళ్లే చెబుతారు!

ఉచిత సలహా ఒక పీడ అని ఈ మధ్య కుర్రకారు విసుక్కుంటున్నారు. అది మన డెల్టా భాగ్యమని వాళ్లకు తెలియదు. కాలువ నీరులాగే సలహా కూడా అడగకుండానే మన గుమ్మం దాకా వస్తుంది. కాలువలనైనా వేసవిలో కట్టేస్తారు. సలహాకు ఆ ఇబ్బంది కూడా లేదు.

నేను టీచర్ ట్రైనింగ్ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇంకు మరకలు చూపించి “ఇందులో మీకేం కనిపిస్తోంది?” అని అడిగే పరీక్ష ఒకటుంది. మామూలుగా సీతాకోకచిలుక అంటారు, గబ్బిలం అంటారు. మా విద్యార్థుల్లో సగం మంది రొయ్య అన్నారు. మిగతా సగం, రొయ్యే గానీ దానికి తెగులు సోకిందన్నారు. ఈ ప్రాంతం మనసు చదవడానికి ఇంకు పనికిరాదని, నీళ్లు కావాలని ఆ రోజే నాకు అర్థమైంది.

ఆ నీళ్లు మా కోడలు లావణ్యతో వచ్చాయి.

లావణ్యది రామచంద్రపురం. పెళ్లికి ముందు హైదరాబాద్ హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. మా అబ్బాయి శివరామకృష్ణ సగం నెల సముద్రం మీద చమురు రిగ్గులో ఉంటాడు, సగం నెల ఇంట్లో. అందుకని ఆ అమ్మాయి ఆఫీసువాళ్లను బతిమాలి, ఇంటి నుంచే పని చేస్తానని రావులపాలెం వచ్చేసింది. వాళ్లూ ఒప్పుకున్నారు. ఒకటే షరతు. మీటింగుల్లో ఇంటి గోల వినపడిందంటే తిరిగి హైదరాబాద్ వచ్చి కూర్చోవాలి.

రావులపాలెం ఇల్లు, గోల వినపడకూడదు! ఆ షరతు పెట్టినాయన ఎప్పుడూ మా జంక్షన్‌లో బస్సు మారి ఉండడు.

లావణ్య వెంట రెండు సూట్‌కేసులు, ఒక తిరిగే కుర్చీ, ఒక గాజు తొట్టి దిగాయి. తొట్టిలో ఒకటే చేప. నీలం రంగు. పట్టుచీర కుచ్చిళ్లలాంటి రెక్కలు. 

“దీన్ని ఫైటర్ అంటారండి మావయ్యగారూ” అంది.

పేరు ఫైటర్. పని దాక్కోవడం. మనిషి నీడ పడితే చాలు, ఫిల్టర్ వెనక్కి వెళ్లి గోడకేసి తిరిగి ఉండేది. నాకు దాని మీద మొదటి చూపులోనే గౌరవం కలిగింది.

“గదిలో ఎందుకమ్మా? నలుగురూ చూసేలా హాల్లో పెట్టు” అంది మా ఆవిడ రత్నమాణిక్యం.

ఆ నలుగురి గురించి చెప్పాలి. మా ఇల్లు బస్టాండుకు కూతవేటు దూరం. అమలాపురం వెళ్లాలన్నా, రాజమండ్రి వెళ్లాలన్నా, తణుకు వెళ్లాలన్నా చుట్టాలు ఇక్కడ బస్సు మారతారు. మారేలోపు మా ఇంట్లో ఒక కాఫీ. బస్సు తప్పిపోతే భోజనం. వెళ్తూ వెళ్తూ మార్కెట్లో కొన్న అరటి గెల ఒకటి మా వరండాలో పెట్టి, “వచ్చేటప్పుడు తీసుకెళ్తామండి” అంటారు. తీసుకెళ్లరు. మా ఇంట్లో ఎవరికీ ఏ విటమిన్ లోపమూ లేదు.

ఇలాంటి ఇంటికి తలుపులుంటాయి గానీ, వేయడానికి కాదు. మామిడాకులు కట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి ద్వారబంధాలు, ద్వారబంధాలున్నాయి కాబట్టి తలుపులు. పగటిపూట గది తలుపు వేసి ఉందంటే రెండే అర్థాలు. లోపలివాళ్లకు ఒంట్లో బాగోలేదు, లేదా అలిగారు. ఒక మనిషి ఊరికే, హాయిగా, ఏ కారణమూ లేకుండా తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చోవచ్చుననే మూడో అర్థం మా ఇంటి నిఘంటువులో లేదు.

ఏకాంతం మనసుకు హానికరమని నేనూ నమ్ముతాను. ఏకాంతంలో మనిషికి ఆలోచనలు వస్తాయి. అవి రాకుండా కాపాడుతున్న రత్నమాణిక్యానికి నేనెంతో రుణపడి ఉన్నాను. బాత్‌రూమ్‌లో ఉన్నప్పుడు కూడా ఆవిడ నన్ను ఆలోచనల పాలు చేయలేదు. సరిగ్గా గడియ పడగానే వచ్చి, “ఏవండీ, కందిపప్పు డబ్బా ఎక్కడ పెట్టారు?” అని అడుగుతుంది. నేనెన్నడూ కందిపప్పు డబ్బా ముట్టుకోలేదు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు.

లావణ్య వచ్చిన కొత్తలో, మీటింగ్ ఉందని ఒక రోజు తన గది తలుపు వేసుకుంది.

పాపం, ఆ అమ్మాయి చెప్పే వేసుకుంది. “మీటింగ్ ఉందండి అత్తయ్యగారూ” అంది. మీటింగుకు తలుపు తీస్తారు గానీ వేస్తారా? మా ఆవిడ కాసేపు వరండాలో తిరిగింది. తర్వాత తలుపు దగ్గర నిలబడి, “ఏమ్మా, మేమేమన్నా అన్నామా? పులుసులో ఉప్పు ఎక్కువైందన్నానని మనసులో పెట్టుకున్నావా?” అంది. లోపలి నుంచి ఇంగ్లీషులో సమాధానం వచ్చింది. అది మాకు కాదు, మీటింగుకు. మా ఆవిడకు మాత్రం అలక ముదిరి ఇంగ్లీషులోకి దిగినట్టు అర్థమైంది.

మధ్యాహ్నానికి మొగల్తూరు నుంచి నా బావమరిది వెంకటరాజు ఫోన్. “ఏంటి బావగారూ, కోడలు అలిగిందంట?” సాయంత్రానికి రామచంద్రపురం నుంచి లావణ్య అమ్మానాన్నలు కారులో దిగారు. చేతిలో కాజాలు, మొహంలో అపరాధభావం. లావణ్య మీటింగ్ ముగించుకుని, తలుపు తీసుకుని, నవ్వుతూ బయటికి వస్తే ఎదురుగా తల్లి కళ్లు తుడుచుకుంటోంది.

“ఏమైందమ్మా?” అంది లావణ్య కంగారుగా.

“నువ్వే చెప్పాలి!” అన్నారు అందరూ.

ఆ తర్వాత ఆ తలుపు వేయలేదు. ఎంత సుఖం! ఇంటి ఐకమత్యం అంటే ఇది కదా!

ఆ వారమే చేప మేత మానేసింది. రెక్కలు ముడుచుకుని మూలన ఉండిపోయింది. లావణ్య మూడు ముక్కల్లో తేల్చింది. “దీనికి చాటు కావాలండి. హాల్లో ఏ పక్క నుంచి చూసినా ఎవరో ఒకరు ఉంటున్నారు. నీటి మీద తేలే మొక్కలేవైనా వేద్దాం.”

ఇక చూడండి! కోడలికి తలుపు ఎందుకని అడగని మనుషులు చేపకు చాటు ఎలా ఉండాలని రెండు జిల్లాల నుంచి కదిలి వచ్చారు. నేను మూలన కుర్చీలో కూర్చుని, ఇంకు మరకల కాలం నాటి నా ప్రొఫెషనల్ మొహం పెట్టుకుని విన్నాను.

మొదట వెంకటరాజు. ఆయనకు మొగల్తూరు దగ్గర చేపల చెరువులున్నాయి. చేప అంటే ఆయనకు టన్నుల్లో తప్ప కనపడదు. ఒక్క చేపను చూడటం అదే మొదటిసారి అనుకుంటాను, తొట్టి ముందు వంగి చాలాసేపు ఉండిపోయాడు.

“ఇంతకీ ఇది ఏ సైజుకొస్తుందండి?”

“ఇదే దాని సైజు” అన్నాను.

“అయ్యో” అన్నాడు నిజంగా బాధపడి. “సర్లెండి. ముందు నీటి మీద ఏ చెత్తా వేయకండి బావగారూ. తెల్లారగట్ట గాలి చాలక చేప పైకి తేలి నోరు తెరుస్తుందో లేదో మనకు కనపడాలి. కనపడని చేప మనది కాదండి. కావాలంటే చెరువు మీద నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ ఒకటి ఖాళీగా ఉంది, వ్యానులో పంపించమంటారా?”

ఆ ఏరేటర్ మా హాలు కంటే పెద్దది. అయినా నాకు ఆ మాటల్లో ఏరేటర్ వినపడలేదు. కనపడనిదేదీ తనది కాదని భయపడుతూ ఏళ్ల తరబడి తెల్లారగట్ట లేచే మనిషి వినపడ్డాడు. ఆయన నిద్ర గురించి ఆయన భార్యకు కూడా ఇంత తెలిసి ఉండదు.

తర్వాత పక్కింటి జగన్నాథరావు. కాలువల మీద సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా కాలువల్లో అల్లుకునే గుర్రపు డెక్క మొక్కను తీయించడంతోనే సరిపోయింది. ఇవాళ తీయిస్తే రేపు మళ్లీ అంతే. తేలే మొక్క అన్న మాట వినగానే కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

“మాస్టారూ, ఆకే కదా అనుకోకండి. ఒక్క కాడ చాలండి. ఇవాళ తొట్టి, రేపు డ్రైను, ఎల్లుండి కాలువ. నీళ్లు చివరి పొలాలకు అందవు. అప్పుడు ఎవరిదండి బాధ్యత?”

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. గొంతు తగ్గించి, “పువ్వు మాత్రం చాలా బాగుంటుందండి” అన్నాడు. జీవితమంతా ఎవరిని తరిమామో వాళ్లనే ప్రేమించామని ఒప్పుకోవడానికి మనిషికి ఎంత కష్టం! రెండేళ్ల థెరపీ పని మా గేటు అర నిమిషంలో చేసింది.

మా ఇంటికి చేపలు తెచ్చే పెద్దింట్లమ్మ కూడా చూసింది. నెత్తి మీద తట్ట దించకుండానే చూసింది. “ఇందులో ఏ ఆకేస్తే బాగుంటుంది, పెద్దింట్లమ్మా?” అని అడిగాను.

“సింతచిగురండి” అంది.

ఆరోగ్యవంతమైన మనసు! ఏ ముడులూ లేవు.

రత్నమాణిక్యం మాత్రం అంతర తామర వేయాలంది. నీటి మీద ఆకుపచ్చ గులాబీలా విచ్చుకుని ఉంటుందే, అది. “నిండుగా ఉంటుంది. వచ్చినవాళ్లకు చూడ్డానికి బాగుంటుంది.”

“వచ్చినవాళ్లకు సరే. చేపకు?” అన్నాను.

“దానిదేముందండి, నాలుగు రోజులు పోతే అదే అలవాటు పడుతుంది.”

రత్నమాణిక్యం కొత్తగా ఈ ఇంటికి వచ్చినప్పుడు, ఏం తోచడం లేదని పెరట్లో మూలన కూర్చుంటే, మా అమ్మ ఆవిడ గురించి సరిగ్గా ఈ మాటే అంది. ఒక్క అక్షరం తేడా లేదు. ఇన్నేళ్లూ ఆ వాక్యం ఈ ఇంట్లో ఎక్కడ దాక్కుందో, అదీ ఒక రకం చేపే.

చివరికి లావణ్య తన మానాన తను రాజమండ్రి వెళ్లి ఫ్రాగ్‌బిట్ అనే మొక్క తెచ్చుకుంది. రూపాయి బిళ్లంత గుండ్రటి ఆకులు. కింద దువ్వని జుట్టులా వేళ్లు. 

“చేపను బట్టి మొక్కండి మావయ్యగారూ” అంది నీళ్లలో ఒక్కొక్కటీ వదులుతూ. “గోల్డ్‌ఫిష్ అయితే ఈ వేళ్లు కొరుక్కు తినేస్తుంది, దానికి దండగ. అంతర తామర పెద్దదైపోయి చిన్న తొట్టి నిండా పరుచుకుంటుంది. ఈ ఫైటర్‌కు వేళ్ల మధ్య దాక్కోవడం ఇష్టం. కానీ ఇది పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప. అందుకని మొత్తం కప్పేయకూడదు.” ఒక సన్నటి గాలి పైపు ముక్కను గుండ్రంగా కలిపి నీటి మీద వదిలింది. ఆ గుండ్రంలోకి మొక్కలు రావు. చేపకు అదొక కిటికీ. ఫిల్టర్ ధార ఆకుల మీద పడకుండా తగ్గించింది.

“కొంచెం చాటు, కొంచెం గాలి. అంతేనండి. దాన్ని మార్చక్కర్లేదు” అంది.

వారం తిరక్కుండా చేప కోలుకుంది. వేళ్ల మధ్య నుంచి నీలంగా మెరిసేది. ఆ గుండ్రంలోకి వచ్చి, ఒక గుక్క గాలి తాగి, మర్యాదగా వెనక్కి తగ్గేది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఏ పప్పు డబ్బా గురించీ సమాధానం చెప్పక్కర్లేదు. నేను రోజూ అసూయతో చూసేవాడిని.

ఇప్పుడు మా ఇంటి నాగరికత ఎంత ఎత్తుకు ఎదిగిందో వినండి! బస్సు మారడానికి వచ్చిన చుట్టం ఎవరైనా అద్దం మీద వేలితో కొడితే మా ఆవిడ ఊరుకునేది కాదు. “కొట్టకండి! అది సిగ్గరిదండి, పాపం. దానికి మనుషులంటే పడదు. దాని మానాన దాన్ని వదిలేయాలి.” తొట్టి పక్కన గట్టిగా నవ్వకూడదు. టీవీ సౌండ్ తగ్గించాలి. ఫ్యాన్ గాలికి ఊగుతున్న కర్టెన్ నీడ దాని మీద పడుతోందని కర్టెన్‌ను దారంతో కట్టేసింది. ఒక ప్రాణి స్వభావాన్ని ఇంతగా గౌరవించిన ఇల్లు నేను సైకాలజీ పుస్తకాల్లో కూడా చూడలేదు.

ఆ గౌరవమే లావణ్య కొంప ముంచింది.

ఒక ఉదయం పెద్దింట్లమ్మ తట్టతో వచ్చింది. హాల్లో తొట్టి ఉంది కదా, అడుగుల చప్పుడుకు చేప బెదురుతుందని, చెప్పులు బయట వదిలి, మునివేళ్ల మీద హాలు దాటింది. వంటింట్లో మా ఆవిడ లేదు. పక్క గదిలో మాటలు వినపడ్డాయి. తలుపు తీసే ఉంది. రెండు చేతుల్లో చెరో సందువా చేప పట్టుకుని లోపలికి వెళ్లి, లావణ్య భుజం మీదుగా ముందుకు చాపి, “కోడలుగారూ, సూడండి ఎంత నవనవలాడతన్నాయో! రేటు తగ్గించేది లేదు ముందే సెబుతున్నా” అంది.

ల్యాప్‌టాప్‌లో హైదరాబాద్, పుణె, ఇంకేదో విదేశం. అన్ని కిటికీల్లోనూ జనం ఆ రెండు సందువాలను చూశారు. పుణె కుర్రాడొకడు ధర ఎంత అని అడిగాడట.

ఆ సాయంత్రం లావణ్య వరండాలో నా పక్కన వచ్చి కూర్చుంది. 

“మేనేజర్ మెయిల్ పెట్టారండి. ఇంకొక్కసారి ఇలా జరిగితే హైదరాబాద్ రమ్మన్నారు. హాస్టల్లో బెడ్ ఖాళీ ఉందేమో కనుక్కుంటున్నా.”

“వెళ్లాలని ఉందా అమ్మా?”

“లేదండి. ఆయన ఒడ్డుకొచ్చే పదిహేను రోజులూ నేనక్కడ, ఆయనిక్కడ అయిపోతాం. అత్తయ్యగారంటే నాకిష్టమేనండి. అందరూ ఇష్టమే. నాకొక తలుపు కావాలి, అంతే.”

చూశారా ఎంత గొంతెమ్మ కోరికో! కొత్తది కూడా కాదు, గదికి ఉన్న తలుపే కావాలట!

నేను ధైర్యం చేసి మా ఆవిడ దగ్గర ప్రస్తావించాను. “ఆ అమ్మాయిని ఆఫీసు టైములో తలుపు వేసుకోనివ్వచ్చు కదా.”

“ఎందుకండీ? ఇంట్లో మనమేమన్నా దొంగలమా?” అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కోడలు హాస్టల్‌కు వెళ్తే ఊళ్లో ఏమనుకుంటారన్న దిగులు ఆవిడకూ ఉంది. అందుకని తలుపు మరింత బార్లా తీసి ఉంచితే ఆ అమ్మాయికి ప్రేమ బాగా కనపడుతుందని ఆవిడ లెక్క. ప్రేమతో చేసే పనికి మందు లేదు. నేను పాఠం చెప్పిన రోజుల్లోనూ లేదు.

మర్నాడు భోజనాల దగ్గర లావణ్య చాలా మామూలుగా అంది.

“అత్తయ్యగారూ, హాల్లో రద్దీ పెరిగిందండి. ఫైటర్ మళ్లీ సరిగ్గా తినట్లేదు.”

“అవునే! నేనూ చూశాను” అంది మా ఆవిడ, ముద్ద ఆపేసి.

“నా గదిలో పెడదామా?”

“పెట్టమ్మా, పెట్టు. నిశ్శబ్దంగా ఉంటుంది.”

“నిశ్శబ్దమంటే... తలుపు ఉన్నట్టుండి తీస్తే వెలుతురు ఒక్కసారిగా పడుతుందండి. అదిరిపడుతుంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా తలుపు వేసి ఉంచితే దానికి మంచిది. ఎవరైనా రావాలంటే మెల్లగా తట్టి, నేను సరే అన్నాక రావాలి.”

“పది నుంచి ఆరు దాకానా?” 

“అది దాని టైమండి.”

చేపకు ఆఫీసు వేళలేంటని ఎవరైనా అడుగుతారేమోనని నేను పెరుగన్నంలోకి తల దించుకున్నాను. ఎవరూ అడగలేదు. చేప స్వభావం చేపది. దాన్ని ప్రశ్నించడానికి మనమెవరం?

ఆ రోజు నుంచి మా ఇంట్లో పగలు ఒక తలుపు మూసి ఉండసాగింది. ఎవరికీ జ్వరం లేదు. ఎవరూ అలగలేదు. రామచంద్రపురం నుంచి కారు రాలేదు. పైగా ఆ తలుపుకు కాపలా ఎవరనుకుంటున్నారు? రత్నమాణిక్యమే! స్టూలు వేసుకుని వత్తులు చేసుకుంటూ తలుపు పక్కనే కూర్చునేది. జగన్నాథరావు గేటు తీసిన చప్పుడు వినపడితే నోటి మీద వేలు. పెద్దింట్లమ్మకు పెరటి దారి.

వెంకటరాజు ఒకసారి ఐస్ పెట్టెలో రొయ్యలు పట్టుకుని, అలవాటు ప్రకారం వీధిలోంచే “అక్కయ్యా!” అని కేకేస్తూ వచ్చాడు.

“ష్! చేప ఉంది!” అంది మా ఆవిడ.

టన్నుల కొద్దీ చేపల్ని లారీలకెత్తించే మనిషి, పెట్టెను గుండెలకు అదుముకుని, ఊపిరి బిగబట్టి, మునివేళ్ల మీద హాలు దాటాడు. వంటింట్లోకి వెళ్లాక గుసగుసగా అడిగాడు. “ఆయ్, ఎలా ఉందండి ఇప్పుడు?”

“బాగా తింటోంది” అంది మా ఆవిడ, అంతే గుసగుసగా.

లావణ్య మీటింగులు గంగి గోవుల్లా సాగిపోయాయి. హాస్టల్ మాట మళ్లీ రాలేదు. మేనేజర్ ఆ అమ్మాయి పనిని మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడట. ఆ మెచ్చుకోలులో మా చేప వాటా ఎంతో ఆయనకు తెలియదు.

ఇలా కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు, నా కళ్లజోడు ఆ గదిలో మర్చిపోయి, మెల్లగా తట్టాను. “రండి మావయ్యగారూ.” వెళ్లాను. తొట్టి వైపు చూశాను. ఫ్రాగ్‌బిట్ దట్టంగా అల్లుకుంది. వేళ్లు అడుగు దాకా దిగాయి. గుండ్రపు కిటికీలో నీరు నిశ్చలంగా ఉంది. ఎంతసేపటికీ ఎవరూ గాలికి రాలేదు.

లావణ్య నా వైపు చూసింది. హాస్టల్లో చేరిన కొత్తలో కొన్న చేప అది. దాని జాతికి ముసలితనమే. కిటికీ బయట జామ మొక్క కుండీలో మట్టి కొత్తగా తవ్వినట్టుంది.

“ఎలా ఉందమ్మా?” అన్నాను.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. “చాటుగా ఉందండి” అంది.

“మొక్కలు మాత్రం తీయకు. చేపకు మంచిది” అన్నాను.

కళ్లజోడు తీసుకుని, తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేసి బయటికి వచ్చాను. బయట స్టూలు మీద నుంచి మా ఆవిడ కనుబొమలెగరేసి అడిగింది. బాగుందన్నట్టు తలాడించాను. ఆవిడ తృప్తిగా మరో వత్తి చేసింది.

అసలు విషయం మొన్న జరిగింది. లావణ్య పుట్టింటికి వెళ్లింది. పదకొండింటికి చూస్తే ఆ గది తలుపు మూసి ఉంది. గడియ కూడా పడి ఉంది. స్టూలు ఖాళీ. ఆవిడ ఇంట్లో ఎక్కడా లేదు. అలవాటైన చెయ్యి కదా, మెల్లగా తట్టాను.

“ఎవరది? చేప బెదురుతుంది!” లోపలి నుంచి రత్నమాణిక్యం.

“నేనే. ఏం చేస్తున్నావక్కడ?”

తిరిగే కుర్చీ ఒకసారి అటూ ఇటూ తిరిగిన చప్పుడు.

“ఏమీ లేదండి. ఊరికే కూర్చున్నాను.”

ఊరికే! ఈ ఇంట్లో ఆ మాట ఆవిడ నోట వినడం ఇదే మొదటిసారి. గొంతు కూడా కొత్తగా ఉంది. పెరట్లో మూలన కూర్చున్న పెళ్లికూతురి గొంతు.

“చేప ఎలా ఉంది?” అన్నాను.

“బాగానే ఉంది” అంది వెంటనే. తర్వాత మెల్లగా, “జామ కుండీకి నీళ్లు నేనే పోస్తున్నాగా. నాకు తెలీదా ఎలా ఉందో. మీరు వెళ్లండి. మా తమ్ముడికి మాత్రం చెప్పకండి, లేకపోతే ఇంకో చేప తెచ్చి పడేస్తాడు.”

ఇదంతా పేపర్లో రాస్తున్నా మా బావమరిది గురించి భయం లేదు. ఆయన పేపర్లో రొయ్య రేటు తప్ప ఇంకేదీ చదవడు.

కాబట్టి పాఠకులారా, నా మాట నమ్మండి. మన ఇళ్లల్లో ఎవరి స్వభావాన్నీ గౌరవించరని అనకండి. గౌరవిస్తారు. ముందు మీరు చేప అయి ఉండాలి. అది కుదరకపోతే, చేప ఉందని చెప్పగలిగేంత దట్టంగా మొక్కలుండాలి.

నిన్న నేను బస్సెక్కి రాజమండ్రిలో లావణ్య మొక్కలు కొన్న షాపుకు వెళ్లాను. మా ఇంట్లో మూసుకునే ఒక్క తలుపును ఇద్దరు ఆడవాళ్లు వంతులు వేసుకుంటే, మూడో మనిషి ఏమైపోవాలి? నా గదికీ ఒక తొట్టి కావాలన్నాను. తేలే మొక్కలు కూడా.

“ఏ చేపకండి? చేపను బట్టి మొక్కండి” అన్నాడు షాపాయన హరిబాబు.

“బాగా సిగ్గరిది. వయసు అరవై దాటింది.”

హరిబాబు నన్ను పైనుంచి కిందికి చూశాడు. నవ్వలేదు. ఈ వ్యాపారంలో ఆయన ఇలాంటి చేపల్ని చాలానే చూసినట్టున్నాడు.

“అయితే దట్టంగా వేద్దామండి” అన్నాడు, సంచిలోకి ఫ్రాగ్‌బిట్ దోసిలితో ఎత్తి పోస్తూ. ఒక పైపు ముక్క గుండ్రంగా కలిపి పైన పెట్టాడు. “కానీ ఈ ఖాళీ మాత్రం మూసేయకండి. ఎంత సిగ్గరిదైనా గాలికి పైకి రావాల్సిందేనండి.”

నిజమే. నాలుగింటికి టీ పట్టేంత ఖాళీ ఉంచుతాను.